విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది: మీ పాత సిస్టమ్‌ను ఏం చేయాలి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. మర్నాడు పొద్దున సిస్టమ్ ఎప్పటిలాగే ఆన్ అయింది, టాలీ తెరుచుకుంది, ప్రింట్లు వచ్చాయి. దాంతో చాలామంది "ఏమీ కాలేదుగా" అనుకుని ఆ సంగతే మర్చిపోయారు. ఇంకొందరు షాపువాళ్లు భయపెడితే బంగారంలాంటి సిస్టమ్‌ను అటక మీద పెట్టి, అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. మీరు ఈ రెండూ చేయొద్దు. ఆ సిస్టమ్ మీద రోజూ ఏం పని చేస్తున్నారో చూసుకుని, దాన్నిబట్టి నిర్ణయం తీసుకోండి. మిషన్ వయసు తర్వాతి సంగతి.

అసలు ఆగింది ఏమిటి

ఆగింది సెక్యూరిటీ అప్‌డేట్లు. నెలనెలా విండోస్‌లో బయటపడే లొసుగులకు మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు ఇస్తుంది. అవి ఇప్పుడు విండోస్ 11కి వస్తాయి, మీ 10కి మామూలుగా రావు. ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఈ రెండింటి లోపలి కోడ్ చాలావరకు ఒకటే. 11కి వచ్చిన ప్యాచ్‌ను విప్పి చూస్తే 10లో తలుపు ఎక్కడ తెరిచి ఉందో తెలిసినవాడికి ఇట్టే తెలిసిపోతుంది. అందుకే నెలలు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇది ఉత్తుత్తి భయం కాదు. 2017 మేలో వచ్చిన వాన్నాక్రై వైరస్ గుర్తుందా? ఆ లొసుగుకు ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చేసింది. అది వేసుకోని సిస్టమ్‌లే దొరికిపోయాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని అందులో ఇరుక్కున్నాయి. విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ 2014లోనే అయిపోయినా, పరిస్థితి చూసి మైక్రోసాఫ్ట్ దానికీ ప్రత్యేకంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

కొన్ని మాత్రం ఆగలేదు. విండోస్ డిఫెండర్‌కు కొత్త వైరస్‌లను గుర్తుపట్టే అప్‌డేట్లు 2028 అక్టోబర్ దాకా వస్తాయి. డబ్బు కట్టి వాడే మైక్రోసాఫ్ట్ 365కి కూడా విండోస్ 10 మీద సెక్యూరిటీ అప్‌డేట్లు ఆ ఏడాది అక్టోబర్ వరకే. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకు మాత్రం విండోస్ 10తో పాటు అదే రోజు సపోర్ట్ పోయింది. డిఫెండర్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. విండోస్‌లోని లొసుగును అది పూడ్చదు.

మీరు గమనిస్తూ ఉండాల్సింది బ్రౌజర్‌ను. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరిలో పోయినా క్రోమ్ ఇంకో మూడేళ్లు అప్‌డేట్ అయింది, 2023 మొదట్లో 109వ వెర్షన్‌తో ఆగింది. 10కి కూడా బ్రౌజర్లు కొన్నాళ్లు నడుస్తాయి. "ఈ సిస్టమ్‌కు ఇక అప్‌డేట్లు రావు" అని క్రోమ్ చెప్పిన రోజున ఆ సిస్టమ్ మీద నెట్ పని పూర్తిగా మానేయాలి.

మొదటి పని: కాగితం మీద లిస్టు రాయండి

సిస్టమ్ తెరవకముందే దాని మీద వారం రోజుల్లో జరిగే పనులన్నీ రాయండి. ఇంట్లో వాళ్లను కూడా అడగండి. ఒక్కో పని పక్కన రెండు విషయాలు రాసుకోండి: ఇది విండోస్ లేకుండా జరుగుతుందా, ఇందులో డబ్బుగానీ వేరేవాళ్ల కాగితాలుగానీ ఉన్నాయా.

యూట్యూబ్, జీమెయిల్, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, రైలు టికెట్లు, నెట్‌బ్యాంకింగ్, గూగుల్ షీట్స్ లాంటివి బ్రౌజర్‌లో జరిగే పనులు. వీటికి విండోసే ఉండాలన్న రూలేమీ లేదు.

విండోస్‌ను వదలనివి వేరే ఉన్నాయి. టాలీ వాటిలో మొదటిది. జీఎస్టీకీ, ఇన్‌కమ్ ట్యాక్స్‌కీ, టెండర్లకీ వాడే డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ పక్కాగా పనిచేయాలంటే విండోస్ మీదే ఉండటం మేలు. రిటర్ను ఆఖరి రోజు రాత్రి డ్రైవర్లతో కుస్తీ పట్టే ఓపిక ఎవరికి ఉంటుంది? మీసేవ, సీఎస్‌సీ సెంటర్లలో వాడే మంత్రా, మార్ఫో వేలిముద్ర మిషన్లు కూడా అంతే. ఇక డీటీపీ షాపులైతే పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్. పెళ్లి కార్డుల నుంచి కరపత్రాల దాకా మన ఊళ్లలో ఇప్పటికీ ఎన్నో వాటి మీదే తయారవుతున్నాయి. అవి విండోస్ దాటి బయటకు రావు.

ప్రింటర్ మోడల్ నంబర్ కూడా రాసుకోండి. మన జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 రాయిలాంటి ప్రింటర్, కానీ లినక్స్ (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మీద దాన్ని పనిచేయించడం పెద్ద తలనొప్పి. హెచ్‌పీ ప్రింటర్లు, ఎప్సన్ ఇంక్‌ట్యాంకులు లినక్స్‌తో ఎక్కువగా సులువుగానే కలిసిపోతాయి.

లిస్టు పూర్తయ్యేసరికి సగం నిర్ణయం అయిపోయినట్టే.

రెండో పని: బ్యాకప్

ఏ దారి ఎంచుకున్నా ఇది తప్పదు. ఒక బయటి హార్డ్‌డిస్క్ కొనండి, లేదా ఎవరిదైనా అడిగి తీసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అందరికీ గుర్తుంటాయి. చాలామంది మర్చిపోయేవి ఇవి: టాలీ డేటా ఫోల్డర్ (టాలీలో కంపెనీ సెలెక్ట్ చేసే చోట దాని దారి కనిపిస్తుంది), ఔట్‌లుక్ మెయిళ్లు ఉండే పీఎస్‌టీ ఫైలు, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు, విడిగా వేసుకున్న ఫాంట్లు, సీడీ ఎప్పుడో పోయిన ప్రింటర్ డ్రైవర్, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ నంబర్లు.

డీటీపీ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అను ఫాంట్లతో చేసిన ఫైలు ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు కనిపించదు, పిచ్చి గీతలే కనిపిస్తాయి. మళ్లీ పనికొస్తాయనుకున్న పాత ఫైళ్లన్నిటికీ, అవి బాగా తెరుచుకుంటున్న ఈ సిస్టమ్‌లోనే, పీడీఎఫ్ కాపీ తీసి పెట్టుకోండి. అసలు ఫైలు ఉంటుంది, పక్కనే చదవడానికి పీడీఎఫ్ ఉంటుంది.

బ్యాకప్ అయ్యాక ఆ హార్డ్‌డిస్క్‌ను వేరే సిస్టమ్‌కు పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. కాపీ అయిందని కనిపించడం వేరు, ఫైలు తెరుచుకోవడం వేరు.

ల్యాప్‌టాప్ అయితే ఇంకొకటి చూడాలి. సెట్టింగ్స్‌లో డిస్క్‌కు తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళితే దొరుకుతుంది. కాగితం మీద రాసుకోండి. ఇది లేకుండా బయోస్ (విండోస్ కన్నా ముందే నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) సెట్టింగులు మారిస్తే సిస్టమ్ ఆ కీ అడిగి కూర్చుంటుంది. అప్పుడు ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు.

మూడో పని: మిషన్ విండోస్ 11 తీసుకుంటుందా?

మైక్రోసాఫ్ట్ సైట్‌లో పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని రన్ చేస్తే అవునో కాదో, కాకపోతే ఎందుకు కాదో చెబుతుంది. కానీ అది "కాదు" అన్న ప్రతిసారీ నిజంగా కాదని కాదు. అందుకే లోపలి సంగతి కాస్త తెలిసి ఉండాలి.

ముందు ప్రాసెసర్ చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అక్కడ అబౌట్. ఇంటెల్ అయితే ఐ3, ఐ5, ఐ7 తర్వాత వచ్చే నంబర్‌లో జనరేషన్ ఉంటుంది. ఐ5-7200యూ అంటే ఏడో తరం. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. ఐ5-10210యూ అంటే పదో తరం. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కి అనుమతి. ఏఎండీ రైజెన్ అయితే 2000 శ్రేణిలో కొన్నిటికే ఉంది, అన్నిటికీ లేదు. మీ మోడల్ ఉందో లేదో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన లిస్టులో చూసుకోండి.

ప్రాసెసర్ సరిపోయినా హెల్త్ చెక్ కాదంటోందా? చాలాసార్లు కారణం టీపీఎం అనే సెక్యూరిటీ చిప్. కొత్త సిస్టమ్‌లలో అది ప్రాసెసర్‌లోనే ఉంటుంది, బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుందంతే. విడి భాగాలతో కట్టించుకున్న డెస్క్‌టాప్‌లలో ఇది మరీ ఎక్కువ. సిస్టమ్ ఆన్ అవుతుండగా డిలీట్ మీటో ఎఫ్2 మీటో నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి సేవ్ చేయండి. కొత్త టీపీఎం చిప్ కొనాలని ఎవరైనా చెబితే, ముందు ఇది చూశారా అని అడగండి.

ఇంకో అడ్డంకి లెగసీ మోడ్, అంటే సిస్టమ్ బూట్ అయ్యే పాత పద్ధతి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ అన్నచోట లెగసీ అని ఉంటే, సెక్యూర్ బూట్‌కు కావలసిన కొత్త పద్ధతి యూఈఎఫ్ఐలోకి మారాలి. డిస్క్ మీద డేటా పోకుండా ఈ మార్పుకు సిద్ధం చేసే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ విండోస్ 10లోనే ఉంది. ముందు డిస్క్ మార్చాలి, తర్వాతే బయోస్‌లో సెట్టింగ్ మార్చాలి. వరుస తారుమారైతే విండోస్ బూట్ కాదు. చేయి తిరగకపోతే ఈ ఒక్క పనికి మెకానిక్‌ను పిలవండి, తప్పేం లేదు.

ర్యామ్ 4 జీబీ, డిస్క్ 64 జీబీ ఉంటే చాలని మైక్రోసాఫ్ట్ అంటుంది. ఆ 4 జీబీతో విండోస్ 11 వాడే మనిషికి చాలా సహనం ఉండాలి. 8 జీబీ, ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే డిస్క్) లేకుండా మాత్రం అటు వెళ్లకండి.

సిస్టమ్ విండోస్ 11కి సరిపోతే

ఇది సులువైన దారి. అసలైన లైసెన్స్ ఉన్న విండోస్ 10 నుంచి 11కి మారడం ఉచితం. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌లో చూపిస్తే అక్కడి నుంచే చేయండి. లేదంటే మైక్రోసాఫ్ట్ సైట్‌లోని ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ వాడండి. ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు అలాగే ఉంటాయి. నచ్చకపోతే పది రోజుల లోపు వెనక్కి వెళ్లే వీలుంది. ఆ పది రోజుల్లోనే మీ లిస్టులోని పనులన్నీ ఒక్కసారైనా చేసి చూడండి: టోకెన్‌తో సైన్ చేయండి, ప్రింట్ తీయండి, టాలీ బ్యాకప్ తీయండి.

పాత హార్డ్‌డిస్క్ మీదే నడుస్తుంటే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి. పాత సిస్టమ్ మీద పెట్టే డబ్బులో దీనికి వచ్చినంత ఫలితం ఇంకే భాగానికీ రాదు. ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి కాబట్టి ర్యామ్ పెంచేముందు రెండు మూడు చోట్ల రేటు కనుక్కోండి.

షాపులో ఫార్మాట్ కొట్టిస్తుంటే "ఏ విండోస్ వేస్తున్నారు, యాక్టివేషన్ ఎలా చేస్తారు" అని అడగండి. యాక్టివేటర్ అనే పేరుతో పెన్‌డ్రైవ్ నుంచి వేసేది క్రాక్. సెక్యూరిటీ కోసం ఇంత తంటాలు పడి, ఎవడు రాశాడో తెలియని ప్రోగ్రామ్‌కు అడ్మిన్ అధికారం ఇచ్చి లోపలికి రానివ్వడం ఏం తెలివి? బ్రాండెడ్ ల్యాప్‌టాప్ విండోస్‌తో కొన్నదైతే లైసెన్స్ కీ దాని మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

ప్రాసెసర్ పాతదైనా టీపీఎం చెకింగ్‌ను తప్పించి 11 వేసే పద్ధతులున్నాయి, రూఫస్ లాంటి టూల్స్‌తో చాలామంది వేస్తున్నారు. సరదాకి చేసుకునేవాళ్లు చేసుకోవచ్చు. కానీ అలాంటి సిస్టమ్‌కు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, ఏటా వచ్చే పెద్ద వెర్షన్ మళ్లీ చేత్తో వేయాలి. కోర్ 2 డ్యుయో కాలం నాటివైతే 24హెచ్2 వెర్షన్ నుంచి అసలు బూటే కావు. అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌కో, షాపు కౌంటర్ సిస్టమ్‌కో ఈ పని చేయకండి.

సరిపోకపోయినా విండోస్ తప్పనిసరి అయితే: గడువు కొనండి

టాలీ ఉంది, టోకెన్ ఉంది, ప్రాసెసర్ ఏడో తరం. అప్పుడు ఈఎస్‌యూ ఉంది. 2026 అక్టోబర్ 13 వరకు విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఇది. కొత్త ఫీచర్లు రావు, సెక్యూరిటీ మాత్రం వస్తుంది, ప్రస్తుతానికి మనకు కావలసింది అదే.

చేరేముందు వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, పెండింగ్ అప్‌డేట్లన్నీ వేసి ఉండాలి, అడ్మిన్‌గా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి. తర్వాత సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ అప్‌డేట్. కుడివైపునో కిందనో ఎన్‌రోల్ నౌ అనే లింకు ఉంటుంది. నొక్కితే మూడు మార్గాలు చూపిస్తుంది. విండోస్ బ్యాకప్‌తో మీ సెట్టింగులు సింక్ చేస్తే ఉచితం. మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు వెయ్యి ఉంటే వాటితో. లేదంటే 30 డాలర్లకు సమానమైన రూపాయలు. మొదటిది చాలు. సెట్టింగులు సింక్ అయితే సరిపోతుంది, ఫోటోలన్నీ వన్‌డ్రైవ్‌లోకి ఎక్కించక్కర్లేదు. అక్కడ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే, అది నిండగానే డబ్బు కట్టమని మెసేజ్‌లు మొదలవుతాయి.

ఒకే అకౌంట్ మీద పది సిస్టమ్‌ల దాకా చేర్చవచ్చు. ఆలస్యంగా చేరినా ఆగిన అప్‌డేట్లు కూడా వస్తాయి, కాబట్టి "ఇప్పుడు చేరి ఏం లాభం" అని వదిలేయకండి. డొమైన్‌లో కలిపిన ఆఫీసు సిస్టమ్‌లకు ఈ పథకం వర్తించదు. కంపెనీలకు వేరే ధర ఉంది: మొదటి ఏడాది ఒక్కో సిస్టమ్‌కు 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, మూడేళ్ల వరకు. పది సిస్టమ్‌లున్న చిన్న ఆఫీసు రెండో ఏడాది కట్టేముందు ఆ డబ్బుకు సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు ఎన్ని వస్తాయో లెక్క వేసుకోవడం మంచిది.

ఈఎస్‌యూ తీసుకున్న రోజే ఒక పని చేయండి. 2026 దసరా, దీపావళి ఆఫర్ల మీద కన్నేసి ఇప్పటి నుంచే నెలకు కొంత పక్కన పెట్టండి. ఆ గడువు అయ్యాక అదే సిస్టమ్‌తో ఇంకో ఏడాది నెట్టుకొద్దాంలే అనే ఆలోచన పెట్టుకోకండి.

బ్రౌజర్ పనులే అయితే: లినక్స్

మీ లిస్టులో విండోస్‌కు కట్టుబడినవి ఏమీ లేకపోతే నేను చెప్పేది ఇదే. అమ్మానాన్నలు యూట్యూబ్ చూస్తారు, వీడియో కాల్ మాట్లాడతారు, ఈనాడు, సాక్షి చదువుతారు. దానికి లినక్స్ మింట్ సరిపోయి మిగులుతుంది. వైరస్ బెడద తక్కువ, కొత్త తెరలు చూపించి గాభరా పెట్టడం ఉండదు. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న మిషన్ అయితే దాని ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి, తేలిగ్గా నడుస్తుంది. విండోస్ లాగే కనిపించాలనుకుంటే జోరిన్ ఓఎస్ చూడండి. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా పిల్లలు చదువుతున్నది లినక్స్ మీదే. ఇక్కడ హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ కోసం ఎప్పటి నుంచో పనిచేస్తోంది.

వేసేముందు పరీక్షించే సౌకర్యం లినక్స్‌లో ఉంది, దాన్ని వాడుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని మింట్ సైట్ నుంచి దించిన ఫైలును రూఫస్‌తో దానిలోకి రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. సిస్టమ్ ఆన్ చేస్తూ బూట్ మెనూ మీట నొక్కండి: డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ తర్వాత ఎఫ్9, అసూస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే లోపల ఉన్న విండోస్‌ను ముట్టుకోకుండానే లినక్స్ నడుస్తుంది.

అలా నడుస్తున్నప్పుడే వైఫై దొరుకుతోందా, స్పీకర్ మోగుతోందా, కెమెరా వస్తోందా, వెలుతురు తగ్గించే మీటలు పనిచేస్తున్నాయా, ప్రింటర్ కనిపిస్తోందా చూడండి. పాత డెల్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉంటుంది, మొదట్లో అది కనిపించదు. అప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వస్తుంది. డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన డ్రైవర్ అదే చూపిస్తుంది. ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలు.

తెలుగు సంగతి. చదవడానికి ఇబ్బంది లేదు. టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉంటే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ ద్వారా ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టుకోవచ్చు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఇక్కడా పనిచేస్తాయి. లిబ్రే ఆఫీస్‌లో వర్డ్ ఫైళ్లు తెరుచుకుంటాయి, కానీ టేబుల్స్ ఎక్కువున్నవి కొంచెం అటూఇటూ జరుగుతాయి. పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి.

విండోస్‌ను పక్కనే ఉంచి రెండూ పెట్టుకుందామని చాలామందికి ఉంటుంది. పెట్టుకోవచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయకపోతే మాత్రం లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లోకి ఫైళ్లు రాయడానికి కుదరదు.

గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఇంకో దారి. 4 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్క్ చాలు. క్రోమ్ తప్ప ఇంకేమీ అక్కర్లేని వాళ్లకు బాగుంటుంది. ప్లే స్టోర్ యాప్‌లు మాత్రం రావు, అది ముందే తెలుసుకోండి.

ఏదీ కుదరకపోతే: నెట్ పీకేయండి

పేజ్‌మేకర్ ఉన్న డీటీపీ సిస్టమ్‌కు ఇది నిజంగా మంచి పరిష్కారం. ల్యాన్ కేబుల్ తీసేయండి, వైఫై అడాప్టర్ పీకేయండి లేదా డివైస్ మేనేజర్‌లో డిసేబుల్ చేయండి. అది ఇక డిజైన్ కోసమే. మెయిల్, వాట్సాప్ వెబ్, డౌన్‌లోడ్లకు వేరే సిస్టమ్.

అయితే జిరాక్స్ షాపులోకి వైరస్ నెట్ ద్వారానే రావాలని లేదు. కస్టమర్ జేబులోని పెన్‌డ్రైవ్‌లో కూర్చుని వస్తుంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయే వైరస్ షాపు నడిపే ప్రతివాళ్లకూ తెలిసిందే. అందుకని బయటి పెన్‌డ్రైవ్‌లన్నీ నెట్ ఉన్న, అప్‌డేట్ అవుతున్న సిస్టమ్‌కే పెట్టండి. అక్కడ స్కాన్ చేసి, కావలసిన ఫైలు ఒక్కటే మీ సొంత పెన్‌డ్రైవ్‌తో డిజైన్ సిస్టమ్‌లోకి తీసుకెళ్లండి. ఆటోప్లే ఆఫ్ చేయడం మర్చిపోకండి.

కొనాల్సి వస్తే

ఇప్పుడు మార్కెట్‌లో జరుగుతున్నది చూడండి. కంపెనీలు విండోస్ 11కి సరిపోని ల్యాప్‌టాప్‌లను వదిలించుకుంటున్నాయి. అవే పాలిష్ పెట్టుకుని రీఫర్బిష్డ్ పేరుతో షాపుల్లోకి వస్తున్నాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగినా, ఆన్‌లైన్‌లో చూసినా "ఐ5, 8 జీబీ, ఎస్ఎస్‌డీ, మంచి కండిషన్" అంటారు. ఏ తరం ఐ5 అన్నది చెప్పరు. ఆరో తరమో ఏడో తరమో అయితే మీరు తప్పించుకోవాలనుకున్న చోటికే మళ్లీ డబ్బిచ్చి వెళ్లినట్టు.

థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి ఆఫీసు ల్యాప్‌టాప్ ఎనిమిదో తరం లేదా ఆపైది దొరికితే, అదే ధరలో వచ్చే తక్కువ రకం కొత్త ల్యాప్‌టాప్ కన్నా నేను దానికే ఓటేస్తాను. కీబోర్డు బాగుంటుంది, విప్పి భాగాలు మార్చుకునే వీలుంటుంది. షాపులోనే పీసీ హెల్త్ చెక్ రన్ చేయించండి. బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి, అడిగితే ఆ మిషన్ వద్దు. చార్జర్ తీసేసి ఓ అరగంట నడిపి బ్యాటరీ చూడండి. బిల్లు, కనీసం కొన్ని నెలల వారంటీ రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకో జాగ్రత్త. "మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ అలా ఎవరికీ ఫోన్ చేయదు. అమెరికాలో ఉన్న పిల్లలు, దూరం నుంచే సిస్టమ్‌ను నడిపించే ఎనీడెస్క్ పెట్టి ఇక్కడి అమ్మానాన్నల ల్యాప్‌టాప్ సరిచేయడం ఇప్పుడు మామూలే. ఆ అలవాటునే మోసగాళ్లు వాడుకుంటున్నారు. ఎనీడెస్క్ నంబర్ మన పిల్లలు అడిగితే తప్ప ఇంకెవరికీ చెప్పొద్దని పెద్దవాళ్లకు గట్టిగా చెప్పండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పాతది ఇచ్చేసేముందు

పనిచేస్తున్న సిస్టమ్ ఎవరికైనా ఇస్తుంటే, లినక్స్ వేసి ఇవ్వండి. సపోర్ట్ లేని విండోస్ 10తో పల్లెటూరి బడికి విరాళం ఇస్తే మీ సమస్యను వాళ్ల నెత్తిన పెట్టినట్టే.

డేటా చెరపడం అసలు పని. ఫైళ్లు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే పోవు, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగొస్తాయి. మామూలు ఇంటి సిస్టమ్‌లో మీ కాగితాలే ఉంటాయి. నెట్ సెంటర్ సిస్టమ్‌లో ఊరందరి ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్ స్కాన్లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా ఉంటాయి. అవి మీవి కావు, జాగ్రత్త రెట్టింపు కావాలి. రీసెట్ దిస్ పీసీలో రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, క్లీన్ డేటా ఆన్ చేయండి. హార్డ్‌డిస్క్ అయితే గంటల తరబడి పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి. ఎస్ఎస్‌డీకి బయోస్‌లోనో తయారీ కంపెనీ టూల్‌లోనో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడటం మేలు. ఆన్ కాని సిస్టమ్ అయితే హార్డ్‌డిస్క్ విప్పి మీ దగ్గరే ఉంచుకోండి.

పాత ఇనుప సామాన్లవాడికి కేజీల లెక్కన వేయకండి. వాడు రాగి కోసం తీగలు కాలుస్తాడు, మిగిలింది చెత్తకుప్పలో పడేస్తాడు. 2022 ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం పాత సామాన్లు రీసైకిల్ అయ్యేలా చూడాల్సిన బాధ్యత తయారీ కంపెనీలది. మీ బ్రాండ్ సైట్‌లో ఈ-వేస్ట్ అని వెతికితే ఎక్కడ ఇవ్వాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఉంటుంది. బ్రాండ్ లేని అసెంబుల్డ్ సిస్టమ్ అయితే కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన రీసైక్లర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి ఉంటే చార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, విడిగా చెప్పి ఇవ్వండి.

చేతిలో పెట్టేముందు డీవీడీ ట్రే ఒకసారి తెరిచి చూడండి. వెనక యూఎస్‌బీ పోర్టుల్లో డీఎస్‌సీ టోకెన్, మౌస్ డాంగిల్, పక్కన మెమరీ కార్డు స్లాట్ కూడా చూసి ఇవ్వండి.